మేస్త్రీ అంగ కొలత

నేను, నది వీధిలో మిల్లు క్వార్టర్ల వరుసలో చివరి ఇంట్లో ఉంటున్నదానిని, వయస్సు డెబ్బై మూడు సంవత్సరాలు, మూతపడిన రంగుల మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాలు స్టోరు గుమాస్తాగా పనిచేసి అందరిచేతా తాళాల పిన్ని అని పిలిపించుకున్నదానిని, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. మోకాలు మాత్రం నా స్వాధీనంలో లేదు. దానితో చట్టానికి పని లేదని పక్కింటాయన చెప్పాడు. ఇది ఒక్క పూటలో అయ్యేది కాదు, నాలుగు రోజులైనా పడుతుంది. మధ్యలో సిరా రంగు మారితే పెన్ను అయిపోయిందని అనుకోవాలి. ఇంకేమీ అనుమానించనక్కర్లేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పక్కింటి కుట్టుమిషన్ల మెకానిక్కుకు అప్పగిస్తున్నాను. నా పిల్లలిద్దరిలో ఎవరికి అప్పగించినా రెండోవాళ్లు కోర్టుకెక్కుతారు. పద్నాలుగు నెలలుగా వాళ్లిద్దరూ ఉప్పూ నిప్పూలా ఉన్నారు. మిల్లు స్థలంలో నది ఒడ్డున ఆరు బ్లాకుల ఇళ్లు కడతానని ఒక బిల్డరు వచ్చాడు. మా అబ్బాయి ఆయన దగ్గర సైటు సూపర్‌వైజరు. వాడి అక్క, అంటే మా అమ్మాయి, బళ్లో సైన్సు టీచరు, ఆ ఇళ్లు వద్దనే కమిటీకి కార్యదర్శి. వాడొచ్చి "అమ్మా, అక్కకి నువ్వైనా చెప్పవే" అంటాడు. అదొచ్చి "అమ్మా, తమ్ముడికి నువ్వైనా చెప్పవే" అంటుంది. ఇద్దరికీ టీ పెట్టివ్వడం, గ్లాసులు కడుక్కోవడం తప్ప నేను చేసింది లేదు. మెకానిక్కు ఏ పక్షమూ కాదు. ఆయనకు చెవుడు. వార్డు హాల్లో జరిగిన మీటింగులన్నిటికీ వెళ్లి ప్రశాంతంగా తిరిగొచ్చిన మనిషి ఆయనొక్కడే.

2. మిల్లు మూసినప్పుడు డబ్బు కట్టి కొనుక్కున్న నా స్వార్జితమైన ఇల్లు, అనగా రెండు గదులు, ముందు వసారా, నేను ఎక్కలేని దాని ఆరు మెట్లు, వెనక బట్టలుతికే రాయితో సహా, నా తదనంతరం అబ్బాయికీ అమ్మాయికీ సమాన హక్కులతో చెందాలి. మధ్యలో గోడ కట్టరాదు. అమ్మాలన్నా ఉంచుకోవాలన్నా ఇద్దరూ ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర కూర్చుని సంతకం చేయాలి. ఈ ఇల్లు తీసేస్తే తప్ప తన రోడ్డు వెడల్పు కాదని బిల్డరు మూడుసార్లు కబురు పెట్టాడు. లిఫ్టు ఉన్న బ్లాకులో, కింది అంతస్తులో ఇల్లు ఇస్తానన్నాడు. కింది అంతస్తు వాళ్లకు లిఫ్టు ఎందుకని నేను అడగలేదు. ఆశపడ్డాను. ఆ సంగతి అయిదో అంశంలో వస్తుంది.

3. కోడలికి నా ఇనుప బీరువా, అందులోని ఆకుపచ్చ గుడ్డ తానుతో సహా ఇస్తున్నాను. మిల్లు మూసిన వారం ఆఖరి తొట్టిలో అద్దిన గుడ్డ అది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నా కిటికీ పరదాలు చూసి "ఇదేం ముసలి రంగత్తయ్యా" అంది. పందొమ్మిదేళ్లయింది, నేను మరిచిపోలేదు. అదే రంగు ఇస్తున్నాను. అయినా నాకు జ్వరం వచ్చిన పదకొండు రోజులూ నా జుట్టు దువ్వి జడ వేసింది తనే. అదీ మరిచిపోలేదు.

4. మిల్లు పాత మేనేజరుగారికి ఆయన గొడుగు. మిల్లుకు తాళం వేసిన రోజున నా స్టోరు గదిలో వదిలేసి వెళ్లారు. వస్తారేమోనని ఇరవై రెండేళ్లు దాచాను. ఆయన ఇప్పుడు బిల్డరుకు సలహాలిస్తున్నారట. ఈ మధ్య మీటింగులో ముందు వరసలో కూర్చుని, "రంగు తొట్ల అడుగు మడ్డి మొత్తం లారీలకెత్తి పంపించేశామండీ, గుప్పెడు కూడా మిగల్లేదు" అన్నారు. ఆ మడ్డిని నది ఒడ్డునే పూడ్చమని ఆయన ఆర్డరు వేసిన చీటీ వచ్చింది నా స్టోరుకే. పారలూ గడ్డపారలూ ఇచ్చింది నేనే. మెకానిక్కు ఈ గొడుగును హాల్లో అందరూ చూస్తుండగా ఇవ్వాలి. ఏమీ మాట్లాడనక్కర్లేదు.

5. ఇక నోటు పుస్తకం సంగతి. ఇది రాయడానికే మిగతావన్నీ రాశాను.

మా ఆయన మిల్లులో మేస్త్రీ. అందరికీ పొడుగు మేస్త్రీ. గొట్టాలు వేయాలన్నా, కాలవ తవ్వాలన్నా, కంచె పాతాలన్నా ఆ మిల్లులో టేపు కోసం వెతికినవాళ్లు లేరు, ఆయన్నే పిలిచేవారు. మేస్త్రీ అంగ అంటే కచ్చితంగా మీటరు. ఇంజనీర్లు కూడా ఆయన అంగలనే కాగితం మీద వేసుకునేవారు. మూసేసే ముందు నలభై ఆరు డ్రమ్ముల రంగు మడ్డి నది ఒడ్డున పాతిపెట్టించారు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆయన నన్ను పిలిచి, "ఎప్పుడో ఎవరో తవ్వుకోవాల్సొస్తుందే, రాసిపెడదాం" అన్నాడు. పొగగొట్టం మొదలు నుంచి పంపుగది కిటికీకి సూటిగా, డ్రమ్ముల గొయ్యి మధ్య దాకా నడిచాడు. ఆయన లెక్కపెట్టాడు, నేను రాశాను. నూట ఇరవై అంగలు.

ఆరేళ్ల క్రితం ఆయన పోయాడు. మొన్న వేసవిలో నా ట్రంకు పెట్టె సర్దుతూ అమ్మాయి ఆ పుస్తకం చూసింది. మీటింగులో పైకెత్తి చూపించి తవ్వి తీరాలంది. అప్పుడు మా అబ్బాయి లేచాడు. "మా నాన్న అంగ మీటరండీ. సెంటీమీటరు కూడా తేడా రాదు. నూట ఇరవై మీటర్ల దగ్గర తవ్వండి, ఉంటే నేనే పని ఆపిస్తా" అన్నాడు. మిల్లు పాతవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అమ్మాయి కూడా కొట్టింది. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉన్నది ఆ ఒక్క నిమిషమే.

సర్వేయరు వచ్చి నూట ఇరవై మీటర్లు కొలిచాడు, తవ్వారు. శుభ్రమైన పసుపు ఇసుక పడింది. మూడు గోతులు తవ్వినా అదే. తరవాతి మీటింగులో మా అమ్మాయిని చూసి నవ్వారు. కట్టుకథల టీచరమ్మ అన్నారు. నా వైపు తిరిగి, "పిన్నీ, మీరక్కడే ఉన్నారట కదా, ఏమంటారు?" అని అడిగారు. "నాకు గుర్తు లేదు" అన్నాను.

గుర్తుంది. ఆయన అంగ మీటరే, ఒంటరిగా నడిస్తే. ఆ రోజు పక్కన నేనున్నాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏట నా కాలి మీద రంగు పీపా పడింది. అప్పటి నుంచీ నాతో నడిచేటప్పుడు ఆయన అంగ తగ్గించేవాడు. మొదట్లో నేను కోప్పడేదాన్ని, నువ్వు పోవయ్యా నేనొస్తాను అని. "నీ పక్కన నడిస్తే దారి పెద్దదవుతుందే, కబుర్లు ఎక్కువ పడతాయి" అనేవాడు. ఇరవై ఏళ్లకు అది ఆయన కాళ్లకే అలవాటైపోయింది. ఆ మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని నేను పక్కనే నడిచాను. ఆయన కొలుస్తున్నానన్న సంగతి మరిచిపోయి నాతో నడిచాడు. ఆ తప్పు నాకు ఆ రోజు తట్టలేదు. హాల్లో మా అబ్బాయి మీటరు అన్న క్షణంలో తట్టింది.

మరెందుకు నోరు విప్పలేదని అడుగుతారు. చనిపోయిన మనిషికి అంతమంది చప్పట్లు కొడుతుంటే, కాదు, ఆయన కొలత తప్పు అని ఎలా అనను? అది చెప్పుకోవడానికి బాగుండే కారణం. రెండోది, నాకు మెట్లు లేని ఇల్లు కావాలి. మూడోది, అబ్బాయి ఉద్యోగం. నాలుగోది అసలైనది. అలిసిపోయాను. వీళ్ల వాదనలు విని విని నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇసుక పడింది, గొడవ అయిపోయింది, హాయిగా పడుకుందాం అనుకున్నాను. నిద్ర పట్టలేదు. బిల్డరు రంగుల బొమ్మ హాలు గోడకు అంటించి ఉంది. కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశాను. ఆ గొయ్యి ఉన్నచోట ఉయ్యాలలూ జారుడుబల్లా గీశారు.

కనుక ఆ నోటు పుస్తకం మా అమ్మాయికి చెందాలి. దానితో పాటు నా క్షమాపణ కూడా. నిన్ను చూసి నవ్వుతుంటే నేను తల దించుకుని కొంగు సర్దుకున్నాను తల్లీ.

6. నా తాళాల గుత్తి మనవరాలికి. తొమ్మిదేళ్ల పిల్ల, దాన్ని మోగిస్తూ తిరగడం దానికిష్టం. ఇరవై మూడు తాళంచెవులు, వాటిలో ఇరవై రెండింటికి తలుపులు లేవు. పెద్దది మాత్రం స్టోరు గదిది. గోడలు పడిపోయినా ఆ గుమ్మం ఇంకా నిలబడే ఉంది.

7. ఆ గుమ్మంతో పని ఉంది. నా ఇప్పటి నడకతో ఏదీ కొలవలేం, గోడ పట్టుకోకుండా పది అంగలు వేయలేను. కానీ స్టోరు గుమ్మం నుంచి గేటు స్తంభం దాకా రోజూ సైరను మోగాక ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. నన్ను ఉడికించడానికి ఆయన పైకి లెక్కపెట్టేవాడు. రోజూ ఎనభై ఐదు. ఎప్పుడైనా ఎనభై నాలుగు వస్తే "నీ కాలు బాగుపడుతోందే" అనేవాడు. గుమ్మం ఉంది, స్తంభం ఉంది. ఎవరైనా టేపుతో కొలిచి ఎనభై ఐదుతో భాగిస్తే ఆ మధ్యాహ్నపు అంగ దొరుకుతుంది. నా తదనంతరం అమలుదారు ఈ పని చేయించవలసినది.

8. పై అంశాన్ని నిన్న రాత్రి చదువుకున్నాను. నా తదనంతరం అన్న మాట దగ్గర ఆగిపోయాను. వచ్చే శుక్రవారం మీటింగులో బిల్డరుకు అనుమతి ఇచ్చేస్తారు. నేను అప్పటికి పోతానన్న హామీ ఏమీ లేదు. నా మొహం నేను దాచుకోవడానికి ఉయ్యాలలు ఆగవు. ఈ ఉదయం ఆ సర్వేయరునే మళ్లీ రమ్మన్నాను. పిల్లలిద్దరికీ ఫోను చేసి, ఆస్తి పంచుతున్నాను రమ్మన్నాను. ఇద్దరూ వేళకే వచ్చారు.

పడిపోయిన ఇటుక కుప్ప మీద కూర్చుని అంతా చెప్పాను. సర్వేయరుతో వచ్చే సహాయకుడు రాకపోవడంతో టేపు ఒక కొస అబ్బాయి, ఒక కొస అమ్మాయి పట్టుకోవలసి వచ్చింది. పద్నాలుగు నెలల తరవాత వాళ్ల మధ్య పడిన మొదటి మాట "గట్టిగా లాగు." గుమ్మం నుంచి స్తంభానికి యాభై ఐదు మీటర్ల పావు. సర్వేయరు లెక్కవేసి, పొగగొట్టం నుంచి డెబ్బై ఎనిమిది మీటర్ల దగ్గర మేకు కొట్టి, మట్టి తోడే ఇనుప బర్మా భూమిలోకి తిప్పాడు. రెండు మీటర్లు దిగాక నీలం మట్టి వచ్చింది. చిట్లిన డ్రమ్ము తుప్పు కూడా వచ్చింది. అబ్బాయి ఆ మట్టిని చేతిలోకి తీసుకోబోతే అక్క వాడి చెయ్యి పట్టి లాగేసింది. వాడు వంగి వాసన మాత్రం చూశాడు.

"ఇది నాన్న చొక్కా వాసన" అన్నాడు.

శుక్రవారం మీటింగులో తనే చెప్తానన్నాడు. తవ్వి ఆ డ్రమ్ములు తీసేదాకా అక్కడ ఒక్క ఇటుక పెట్టనివ్వనన్నాడు. "మరి నీ ఉద్యోగంరా?" అని అడిగింది అక్క. వాడు తన వైపు టేపు కొస దాని చేతికిచ్చాడు. అది టేపు చుట్టింది. రేపు వాడికి ఉద్యోగం ఉంటుందో లేదో, నాకు లిఫ్టు ఇల్లు వస్తుందో లేదో తెలియదు. ఇళ్లు వద్దని నేననను. ఇళ్లు అందరికీ కావాలి. కింద ఏముందో తీసి కట్టుకోండి. మళ్లీ దెబ్బలాడుకుంటారు, అదీ నాకు తెలుసు. దెబ్బలాడుకునేటప్పుడు నా దగ్గరకు మాత్రం రాకండి.

పై అంశాలన్నీ నేను పోయిన తరవాత అమల్లోకి రావాలి. అయిదు, ఏడు, ఎనిమిది అంశాలు మాత్రం ఈ రోజే, ఈ గంట నుంచే అమల్లోకి వస్తాయి. ఇంక నేను రాసేదేమీ లేదు, కాస్త నడుం వాలుస్తాను.

తేదీ: 2023 నవంబరు 21, మంగళవారం.

సంతకం: తాళాల పిన్ని, పొడుగు మేస్త్రీ భార్య.

మా సమక్షంలో, తెలివితో ఉండి, పైన చెప్పినావిడ సంతకం చేసినందుకు సాక్షులు:

ఒకటి. కుట్టుమిషన్ల మెకానిక్కు. నాకు వినిపించదు గనక మొత్తం చదివి సంతకం చేశాను. గొడుగు ముట్టింది.

రెండు. సర్వేయరు. మేకు నేనే కొట్టాను. నా పాత నివేదికలో మేస్త్రీ గారి అంగ ఒక మీటరు అని రాసినది తప్పు. ఈ విధంగా సరిదిద్దుతున్నాను: మేస్త్రీ గారి అంగ అరవై ఐదు సెంటీమీటర్లు, పక్కన ఆవిడ ఉన్నప్పుడు.