పెదాలు కనిపించే కంప్యూటర్

జూన్ 14, ఆదివారం, మధ్యాహ్నం

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. నా మోకాళ్లు తప్ప మా ఇంట్లో మిగిలినవన్నీ క్షేమం. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నిజానికి ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కంప్యూటర్ కొనడం కూడా ఒక కబురేనా అని నువ్వు మూతి విరుస్తావు. కానీ నిన్న దుకాణంలో నీ మరదలు చేసిన నిర్వాకం ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తిన్నది అరిగేలా లేదు.

పోయినసారి నువ్వు వచ్చేసరికి నీ చెవులు పూర్తిగా మొరాయించాయి కదా. ఎవరేమన్నా నవ్వుతూ తలాడించావు. ఫ్యాను ఆపమంటే నవ్వావు, పాలు పొంగుతున్నాయంటే నవ్వావు. వెళ్లేటప్పుడు మాత్రం, ఇక నాతో మాట్లాడి మీకేం ఒరుగుతుందిరా, నన్నిలా వదిలెయ్యండి అన్నావు. ఆ మాటకి నేను సరేననుకున్నాను. నీ మరదలు ఒప్పుకోలేదు. ఆవిడ బాధ వేరు. ఇన్నేళ్లూ ఫోన్ చెవికి నొక్కుకుని నీతో దెబ్బలాడుతూ బట్టలు కుట్టిన మనిషి. ఇప్పుడు కుట్టుమిషన్ చప్పుడే తప్ప ఇంట్లో ఎదురు చెప్పే గొంతు లేదట. నేను లేనా అన్నాను. మీకు ఎదురు చెప్పడం చేతకాదండీ, అలగడమే వచ్చు అంది.

వదిన గుంపులో ఉంటేనే తలాడిస్తుంది, ఎదురుగా కూర్చుంటే నా పెదాలు చూసి సగానికి సగం అందుకుంటుంది అని కనిపెట్టింది కూడా ఆవిడే. ఫోన్లో మొహం గోరంత ఉంటుంది గనక, మా ఇంటికి పెద్ద తెర ఉన్న కంప్యూటర్ కొని తీరాలని పట్టుబట్టింది.

నేను లైబ్రరీలో పత్రికలన్నీ తిరగేసి, ప్రాసెసరూ ర్యామూ వంటబట్టించుకుని మరీ బయల్దేరాను. దుకాణదారు మంచివాడే. పెట్టె విడిగా, తెర విడిగా తీసుకోండి సార్, ఏదైనా పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు అన్నాడు. సబబుగానే తోచి తలూపాను. నీ మరదలు ఊపలేదు. కాళ్లకి చుట్టుకునే వైర్లు వద్దు బాబూ, ఒక్క ప్లగ్గు పెట్టి మీట నొక్కితే వెలగాలి, పక్కన ఇంకో మనిషి సాయం అవసరం పడకూడదు అంది. అప్పుడతను అన్నీ తెరలోనే ఇమిడిపోయిన ఆల్-ఇన్-వన్‌ల వరస చూపించాడు. ఇందులో పాట పెడితే గోడలు అదురుతాయమ్మా అన్నాడు. గోడలు వింటే మాకేం లాభం, ఆ సౌండ్ తీసెయ్ అంది.

తర్వాత నా చెవుల్లో దూది కుక్కి తెర ముందు కూర్చోబెట్టింది. తను ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్లి, వీడియో కాల్ చేసి, గొంతు బయటికి రానివ్వకుండా, పెదాలతోనే నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

మొదటి దాంట్లో ఆవిడ మొహం మంచులో నడుస్తున్నట్టుంది. రెండోది తళతళలాడే అద్దం తెర. ట్యూబులైటు వచ్చి సరిగ్గా ఆవిడ నోటి మీద కూర్చుంది.

ఇక్కడొక మాట. బోర్డులు రాసి బతికినవాణ్ణి, మెరుపు అక్షరాన్ని మింగేస్తుందని నాకు తెలియనిది కాదు. ఒక పళ్ల డాక్టరు నిగనిగలాడే రంగే కావాలని పట్టుబట్టి రాయించుకున్నాడు. ఎండెక్కితే బోర్డు మీద పళ్లు మిగిలేవి గాని డాక్టరు మాయమయ్యేవాడు. సరే, అంత తెలిసినవాణ్ణి ఏం చేశాను? మెడ అటూ ఇటూ వంచాను, అంతే. అది ఫోన్లో చూసి నీ మరదలు లోపలికొచ్చి, నా వెనక నిలబడి ఒక్కసారి తొంగిచూసి, మెరవని తెర లేదా నాయనా అంది.

అది పెట్టాడు. ఆవిడ మళ్లీ వీధిలోకెళ్లింది. అక్కా, నేను ఇస్త్రీపెట్టె మర్చిపోయి పెళ్లివారి జాకెట్టు కాల్చిన సంగతి ఒక్క ముక్క పోకుండా ఆ పెదాల మీద చదివేశాను! ఒళ్లు మండింది. దూది పీకి పారేసి, ఆ గొడవ ఇప్పుడెందుకు అని అరిచాను. దుకాణమంతా నావైపు తిరిగింది. వీధిలో ఆవిడ గెంతినంత పనిచేసి, ఇదేనండీ, ఇదే తీసుకుందాం అంటూ పరుగెత్తుకొచ్చింది.

ర్యామ్ ఎంతుండాలి సార్ అని దుకాణదారు నన్ను గౌరవంగానే అడిగాడు. చదివిందంతా అప్పజెప్పాను. ఆవిడ అదేమీ వినకుండా టేపు తీసి కెమెరా ఎత్తు కొలుస్తోంది, కూర్చున్న మనిషి కళ్లకి అందాలని. నేను చెబుతున్నది ఆపి అటే చూస్తుండిపోయాను. జాకెట్టు కొలతలు తీసేటప్పుడు కూడా ఆవిడ మొహంలో అంత శ్రద్ధ చూడలేదు.

ఉంటాను.

నీ తమ్ముడు,
బోర్డులవాడు

తా.క.: మా ఇంటికి కొన్నామని రాయమన్నది నీ మరదలే. ముందే తెలిస్తే వద్దంటావని భయం. మా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి, మాకెందుకే అంత తెర? మాకు నా ఫోను చాలు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషి పక్కనున్న అట్టపెట్టెలో ఉన్నదే ఆ కంప్యూటర్, నీకే. నెట్ కూడా అతనే పెడతాడు, గుమ్మంలో నిలబెట్టకు. అక్కర్లేదంటే ఆ మాట నీ మరదలి మొహం మీదే చెప్పాలట, ఆ తెరలోంచే.

వ్యాన్ వచ్చింది. పెట్టె ఎక్కిస్తున్నారు. నీ మరదలు లోపల అద్దం ముందు కూర్చుని, చప్పుడు లేకుండా, మెల్లగా పెదాలు కదుపుతోంది.