తెరకు అటువైపు

నాగాయలంక,
మాఘ బహుళ విదియ

శ్రీవారికి,

రత్నం నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. నేను ఉత్తరం ముక్క రాయడం లేదని మీరు మా నాన్నగారికి రాసిన కార్డు చూశాను. రాయడానికి ఏమీ లేక రాయలేదు. ఇవాళ ఉంది కాబట్టి రాస్తున్నాను.

మా ఊరికి టాకీ వచ్చిందండీ! కోతలైపోయిన చేలో డేరా వేశారు. ఇంజనూ, పెట్టెలూ పడవలో దిగుతుంటే ఊరంతా రేవులోనే ఉంది. నిన్న అమ్మా నేనూ వెళ్ళాం. ఆడవాళ్ళకు తెరకు అటువైపు చాపలు పరిచారు. తెర పల్చటి బట్ట. బొమ్మ మా వైపుకి కూడా బాగా తేలాలని మధ్యమధ్య ఎవరో చెంబుతో దాని మీద నీళ్ళు కొట్టేవారు. ఆ తుంపర మా మొహాల మీద పడుతూనే ఉంది. సముద్రం గాలికి తెర కదిలితే రాజమహలు మొత్తం మెల్లగా ఊగేది. కాసేపటికి నేను మేలుకుని చూస్తున్నానో, కలగంటున్నానో నాకే తెలియలేదు.

కథ ఏమిటంటే, ఒక రాజకుమారుడు శాపం తగిలి భార్యను మరిచిపోయి దేశాలు పట్టిపోతాడు. ఆమె దారిపక్కన సత్రం కట్టి, వచ్చినవాళ్ళందరికీ తనే వడ్డిస్తూ ఉంటుంది, ఎప్పటికైనా అతను ఆ దారినే వస్తాడని. వస్తాడు. తల వంచుకుని తింటాడు. ఆమె మొహం చూడనే చూడడు. నెయ్యి వడ్డిస్తున్న చేతినీ, మణికట్టు మీది పుట్టుమచ్చనూ చూసి గుర్తుపడతాడు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆమె వడ్డించింది ఎడమచేత్తో! అన్నం, పప్పు, నెయ్యి, అన్నీ. ఆమె ఒక్కతేనా? రాజుగారు దీవించింది ఎడమచేత్తో, పురోహితుడు అక్షతలు వేసింది ఎడమచేత్తో. ఆ రాజ్యంలో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను.

మీరు ఆ బొమ్మ చూశారా? చూస్తే ఎలా అనిపించిందో రాయండి.

ఇట్లు,
రత్నం


గుడివాడ,
మాఘ బహుళ దశమి

చి. ల. సౌ. రత్నానికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం కచేరీలో బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. దస్తూరీ మాత్రం ఏమీ మారలేదు. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టే ఉంది.

ఆ బొమ్మ నేనూ చూశాను, ఇక్కడి హాల్లో, మా హెడ్ గుమాస్తా సాంబశివరావు గారితో. నాకంతగా నచ్చలేదు. అడవుల్లో అన్నేళ్ళు తిరిగినా రాజకుమారుడి మీసం కత్తిరింపు చెక్కుచెదరలేదు. సత్రంలో ఆవిడ పాట ఎత్తుకున్నాక సాంబశివరావు గారు బయటికి వెళ్ళి, సోడా తాగి, నాలుగు కబుర్లు చెప్పి వచ్చారు. అప్పటికీ పాట అవలేదు. చివరి వడ్డన ఘట్టం మాత్రం బాగుంది. ఒప్పుకుంటాను.

కానీ ఎడమచెయ్యేమిటి? కుడిచేత్తోనే వడ్డించింది. నేను కళ్ళారా చూశాను. ఎడమచేత్తో వడ్డించినట్టు ఎవరైనా బొమ్మ తీస్తే జనం ఊరుకుంటారా? నీ మనసులో ఉన్నదే నీకు తెర మీద కనబడింది.

అమ్మ నిన్ను అడుగుతోంది. కుడిచెయ్యి అలవాటు చేసుకుంటున్నావా అని కూడా అడిగింది. ఉగాది లోపు వచ్చెయ్యి. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది.

శేషాచలం


నాగాయలంక,
ఫాల్గుణ శుద్ధ తదియ

శ్రీవారికి,

మనసులో ఉన్నదే కనబడింది అన్నారు. మరి మా అమ్మకు కూడా ఎందుకు కనబడింది? మా వీధికి చేపలు తెచ్చే మాణిక్యానికి ఎందుకు కనబడింది? పొద్దున్నే బుట్ట దించి, "ఎడంచేతి పిల్లని ఎంత బాగా ఏలుకున్నాడో చూశారా అమ్మగోరూ" అంది.

నా మనసులో ఉన్నది వేరే. మీ హెడ్ గుమాస్తా గారు మనింటికి భోజనానికి వచ్చిన రోజు, నేను మరిచిపోయి ఎడమచేత్తో వడ్డిస్తానేమోనని అత్తయ్యగారు ఆ చేతిని నా నడుముకు గుడ్డతో కట్టేశారు. కుడిచేతిలో గరిటె వణికి పులుసు ఆయన ఉత్తరీయం మీద పడింది. అందరూ నవ్వారు. మీరు నవ్వలేదు, ఆ మాట నిజమే. కానీ విస్తట్లోంచి తల కూడా ఎత్తలేదు. ఆ గుడ్డ సాయంత్రానికే విప్పుకున్నాను. మీ వంచిన తల మాత్రం ఇంకా నా కళ్ళ ముందు నుంచి పోలేదు. దీపావళికని వచ్చి ఇక్కడే ఉండిపోయింది అందుకే.

బొమ్మలో ఆయనా తల వంచుకునే తిన్నాడు. అయినా ఆ చేతిని చూశాడు.

ఆమె ఎడమచేత్తోనే వడ్డించింది. నేను చూసింది మీరు నమ్మితే వస్తాను. నమ్మకపోతే నన్ను పిలవకండి.

రత్నం


గుడివాడ,
ఫాల్గుణ బహుళ పంచమి

ప్రియమైన రత్నానికి,

జవాబు ఆలస్యమైంది. మాటలతో రాసే జవాబు కాదని ఆగాను.

నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. తుంపర మొహాల మీద పడిందన్న చోట ఆగిపోయాను. మా హాల్లో తెర మీద నీళ్ళెవరూ కొట్టరు. అటువైపు కూర్చోవడం ఎలా ఉంటుందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆ డేరా ఇప్పుడెక్కడుందని వాకబు చేస్తే పెడనలో దిగిందన్నారు. ఆదివారం రైలెక్కి వెళ్ళాను.

ఆడవాళ్ళ వైపు గుమ్మం దగ్గర తాతమ్మ అనే ముసలావిడ కాపలా ఉంది. "మగోళ్ళకి ఇటేపు లేదు బాబూ, అటెళ్ళు" అంది.

"మా ఆవిడ ఇటువైపు కూర్చుని చూసిందమ్మా. తను చూసింది నేనూ చూడాలి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి చేతిలో చెంబు పెట్టింది. "అయితే తెర తడుపు. నీళ్ళు కొట్టేవోడని ఊరుకుంటారు."

తొట్టి పక్కన నిలబడి నీళ్ళు కొట్టాను. చెంబుడు నీళ్ళు పడగానే రాజకుమారి మొహం ఒక్క క్షణం చెదిరి, మళ్ళీ కడిగినట్టు వెలిగేది. నా పంచె మోకాళ్ళ దాకా తడిసింది. చాపల మీద పిల్లలు నన్ను చూసి ఒకటే నవ్వు. అప్పుడు వడ్డన వచ్చింది. రత్నం, ఆమె ఎడమచేత్తోనే వడ్డించింది. నేతి ధార ఎంత సన్నగా, ఎంత ఒద్దికగా పడిందని! ఆ చెయ్యి మరోలా ఉండాలని నాకు తోచనే లేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోతే తాతమ్మ కేకేసింది.

ఒకే బట్ట, ఒకే బొమ్మ. అటు కూర్చున్నవాళ్ళకు కుడి, ఇటు కూర్చున్నవాళ్ళకు ఎడమ. కిటుకు తెలిసిపోయినా, తిరుగు రైల్లో కళ్ళు మూసుకుంటే నాకు ఆ ఎడమచెయ్యే కనబడుతూ వచ్చింది. కాసేపటికి దానికి నీ గాజులున్నాయి.

మర్నాడు అమ్మతో చెప్పాను. "రత్నం ఏ చేత్తో వడ్డిస్తే నేనా వడ్డన తింటాను. గుడ్డే కట్టాలనుకుంటే ముందు నా చేతికి కట్టు" అన్నాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వంటింట్లోంచి "దాని చేతి పులుసు రుచే వేరు" అని వినబడింది. ఎవరితో అందో తెలియదు. లోపల ఇంకెవరూ లేరు.

నువ్వు చూసింది నిజం. వస్తావా? రేవు దాకా నేనే వస్తాను.

నీ
శేషాచలం


నాగాయలంక,
ఫాల్గుణ బహుళ దశమి

ప్రియమైన మీకు,

మీరు నీళ్ళు కొట్టారా! అమ్మకు ఆ ముక్క చదివి వినిపిస్తే నవ్వలేక చేట పక్కన పెట్టేసింది. నేను నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చేశాను.

మీకొక సంగతి చెప్పాలి. కోప్పడకండి. మొదట పేర్లు పడేటప్పుడు మేమింకా చాపల మీద చోటు చూసుకుంటున్నాం. ఆట చివర 'శుభం' అని పడింది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. బొమ్మను వెనకనుంచి చూస్తున్నాం కాబట్టే మాకు కుడి ఎడమైందని నాకు అప్పుడే తెలిసింది. మీకు మొదటి ఉత్తరం రాసేనాటికే తెలుసు. అయినా రాశాను. ఆ కాసేపు నేనున్న రాజ్యంలోంచి అంత తొందరగా బయటికి రాబుద్ధి కాలేదు. మీకు చెప్తే మీరేం చేస్తారో చూద్దామనీ అనిపించింది. వాదిస్తారనుకున్నాను, వాదించారు. చెంబు పట్టుకుంటారని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

వచ్చే శుక్రవారం పొద్దున బయల్దేరుతున్నాను. నాన్నగారు పడవ ఎక్కిస్తారు. అవతలి ఒడ్డున మీరుండండి. అక్కణ్ణుంచి బందరు దాకా బస్సులో కిటికీ పక్క చోటు నాది.

ఇంటికి వచ్చాక ఒక రోజు సాంబశివరావు గారిని మళ్ళీ భోజనానికి పిలవండి. ఉత్తరీయం తీసి వంకెకు తగిలించి కూర్చోమనండి, ఎందుకైనా మంచిది. నేను ఎడమచేత్తో పులుసు వడ్డిస్తాను. అప్పుడు మీరు విస్తట్లోంచి తల ఎత్తి నన్ను చూడాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఈ ఉత్తరం గుండ్రటి అక్షరాలు చూసి ఎవరి చేతనో రాయించాననుకునేరు. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు బెత్తంతో కొట్టి నా చేత కలం చెయ్యి మార్పించారు. ఇన్నాళ్ళూ మీరు చూసి నవ్విన ఆ చీమలన్నీ కుడిచేతివి. ఇది ఎడమచేత్తో రాశాను.

మీ
రత్నం