బిషప్‌ను మార్చేశాడని

కోల్డ్‌హోప్,
గురువారం మధ్యాహ్నం

మేవిస్‌కు,

నా కోడిగీతలకూ అక్షరాల తప్పులకూ ముందే మన్నించమని అడుగుతున్నాను. గనిలో పార పట్టిన చేతికి పెన్ను సరిగ్గా ఇమడదు. అర్థం కాని చోట డోరీన్‌కు చూపించకు, నువ్వే కూడబలుక్కుని చదువుకో. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ఇక్కడ నేనూ, నాలుగు ఫెరెట్లూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, డోరీన్, అల్లుడు, పసిది అందరూ కులాసా అనుకుంటాను. పిల్లకు నీ ముక్కే వచ్చిందని రాశావు. మంచిదే, నాది రానందుకు సంతోషం.

వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. సోమవారం ఉల్లిపాయలు వేసి కాలేయం వండాను, అడుగు మాడింది. గ్యాసు మీటరు చూసేవాడు వచ్చి వెళ్లాడు. నువ్వు "ముంగిస మూక" అనే ఆ ఫెరెట్లను వంటింట్లోకి రానిచ్చానా అని అడిగావు. వాన కుండపోతగా పడ్డ రోజు ఒక్కసారి రానిచ్చాను. ఆడది డాలీ నీ చెప్పు ఒకటి బీరువా కిందికి ఈడ్చుకుపోయింది. తీసి తుడిచి పెట్టాను.

వాటికి నెలకు ఎంతవుతుందో నిజం చెప్పమన్నావు. కోడిపిల్లల ఫారంలో ఏరి పారేసే పిల్లలు రెండు సంచులకు నాలుగు పౌన్లు. ఎండుగడ్డి ఒక పౌను. కుందేళ్లు వీటిని బొరియల్లోకి వదిలి మేమే పట్టుకుంటాం కాబట్టి ఆ మాంసం ఊరికే. పురుగుల మందు, ఏడాదికోసారి వేయించే టీకా కలిపి నెలలకు పంచితే ఇంకో రెండు. మొత్తం ఏడు. నేను పొగాకు మానేసి మిగిల్చింది ఆరు. ఇదీ లెక్క. ఇందులో రాయని ఖర్చు ఒకటుంది. దానికి వస్తాను.

నోరిస్ గురించి నువ్వేమీ అడగలేదు. అయినా రాయాలి. గోడ అవతల మనిషి, నలభై ఏళ్లు నాతో ఒకే లిఫ్టు పంజరంలో గనిలోకి దిగిన మనిషి. నిన్నటిదాకా పదకొండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆడ ఫెరెట్ ఎదకు వస్తే మగదానితో కలిసేదాకా ఎద దిగదని, అలాగే వదిలేస్తే రక్తం పలచబడి చచ్చిపోతుందని నీకు చెప్పీ చెప్పీ విసిగించాను. కలిపితే తొమ్మిదేసి పిల్లలు, వాటిని మేపేదెవరు? అందుకే ఫెరెట్లు పెంచే మా ఐదుగురికీ కలిపి, పిల్లలు పుట్టకుండా నరం కోయించిన మగది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎవరి ఆడది ఎదకు వస్తే వాళ్లు తీసుకుపోతారు. మూడు రోజులుంచుకుని, ఒక కుందేలుతో పాటు తిరిగి ఇస్తారు. పాతది చలికాలంలో పోయింది కదా, మార్చి నెలాఖరులో మన మగ ఫెరెట్ బిషప్‌కు ఆపరేషన్ చేయించాను. వారం తిరక్కుండానే నోరిస్ వచ్చి తన ఆడ ఫెరెట్ క్వీనీ కోసం పట్టుకెళ్లాడు. అప్పుడు నువ్వు ఇంట్లోనే ఉన్నావు.

నువ్వు బండెక్కిన తర్వాతి వారం, పొద్దున్నే తలుపు దబదబా బాదాడు.

"ఏరా కత్‌బర్ట్, మీ బిషప్ సన్యాసం పుచ్చుకున్నాడన్నావు కదరా?"

"పుచ్చుకున్నాడు. ఏం?"

"ఏమా? క్వీనీ తొమ్మిదింటిని ఈనింది. వచ్చి దీవించి పొమ్మను మీ సన్యాసిని!"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆపరేషన్ అయినవాడికి పిల్లలెలా పుడతాయి? కుర్చీలో కూర్చుని ఆలోచించాను. బిషప్‌కు ఒక తోడబుట్టినవాడు ఉండేవాడు, నోరిస్ దగ్గరే. జనవరిలో చచ్చిపోయాడని నోరిస్ చెప్పాడు. పాతిపెట్టడం నేను చూడలేదు. రెండూ ఒకే రంగు, పక్కపక్కన పెడితే నేనే తడబడేవాణ్ణి. నోరిస్ తెచ్చి ఇచ్చిన రోజు బిషప్ నా బొటనవేలు కొరికాడు. వాడు పుట్టి ఎవరినీ కొరికి ఎరగడు. ఒళ్లు కూడా కాస్త బరువు అనిపించింది.

ఇక చూసిందల్లా సాక్ష్యమే అయింది. నోరిస్ షెడ్డుకు కొత్త తాళం. నేను పెరట్లోకి వస్తే అతను లోపలికి. ఎవరో కుర్రజంట కారులో వచ్చి, అట్టపెట్టెతో వెళ్లారు. ఈ రోజుల్లో పెంచుకోవడానికి ఒక్కో పిల్ల అయిదు పౌన్లు పలుకుతోందట. తొమ్మిది అయిదులు నలభై అయిదు. అంతలో మన డాలీ పొట్ట కూడా బరువెక్కింది. నోరిస్ తిరిగిచ్చాక దాన్ని ఆ మగదాంతోనే కలిపాను. ఇక అనుమానం పోయి నమ్మకమే కుదిరింది. నా బిషప్‌ను అట్టే పెట్టుకుని, వాడి అన్నను నాకు అంటగట్టాడు అనుకున్నాను. రోజూ గూడు ముందు కూర్చుని "నువ్వెవర్రా?" అని వాణ్ణి అడిగేవాణ్ణి. వాడు ఆవలించేవాడు.

నా సంగతి నీకు తెలుసు. పెళ్లినాడు చర్చిలో నా పేరు నేను చెప్పుకోవడానికే మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. ఆ శనివారం క్లబ్బులో రెండు గ్లాసులు పడ్డాక ఎక్కడి నుంచి వచ్చిందో నోరు. గోడ పలక మీద బాణాలాట ఆడేవాళ్లు కూడా ఆగిపోయేంత గట్టిగా, "నోరిస్, నా జంతువును మార్చేసి పిల్లలమ్ముకుంటున్నావు. నువ్వు దొంగవి," అన్నాను.

అతను లేచి టోపీ పెట్టుకున్నాడు. గ్లాసు సగం కూడా తాగలేదు. వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆ క్లబ్బు గడప తొక్కలేదు. బల్ల దగ్గర అతని కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు, నాతో కూడా ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇప్పుడు నేను దాచిపెట్టింది రాస్తాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

మొన్న ఆదివారం చలికోటు ఎండలో వేద్దామని జేబులు దులిపితే మడత పెట్టిన కాగితం పడింది. పశువుల డాక్టరు ఇచ్చినది. ఆపరేషన్ అయ్యాక కూడా ఏడు వారాల పాటు లోపల మిగిలినది పనిచేస్తూనే ఉంటుంది, అంతదాకా ఆడవాటికి దూరంగా ఉంచండి, అని అచ్చువేసి ఉంది. కింద గీత కూడా గీశారు.

చెప్పింది కూడా, మేవిస్. ఆ డాక్టరు చిన్న పిల్ల, మన డోరీన్ కంటే చిన్నది. అటువంటి విషయాలు, అటువంటి మాటలతో, నా మొహంలోకి చూస్తూ వివరిస్తుంటే నాకు చెవులు వేడెక్కిపోయాయి. నేల వైపు చూస్తూ "సరేనమ్మా, సరేనమ్మా" అన్నాను. ఒక్క ముక్క వినలేదు. కాగితం ఇస్తే చదవకుండా జేబులో కుక్కుకుని బయటపడ్డాను. ఆపరేషన్ అయిన ఆరో రోజున బిషప్‌ను నోరిస్ చేతిలో పెట్టింది నేనే. వేలు ఎందుకు కొరికాడంటే, కోసిన చోట ఇంకా నొప్పి ఉండి ఉంటుంది పాపం.

ఇంకొకటి. ఆపరేషన్ ఖర్చంతా ఐదుగురం పంచుకున్నామని నీతో అన్నాను. ముప్పై ఎనిమిది పౌన్లయింది. మనిషికి నాలుగు చొప్పున ఇరవై వచ్చాయి. మిగతా పద్దెనిమిది నువ్వు కర్టెన్లకని దాచిన కవరులోంచి తీశాను. అడగాల్సింది, అడగలేదు.

నిన్న కాగితం పట్టుకుని నోరిస్ తలుపు కొట్టాను. కాగితం చేతికిచ్చాను. చత్వారం కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"ఏడు వారాలట్రా."

"అవును."

"నువ్వు ఏడు రోజులు కూడా ఆగలేదు."

"అవును."

"వాడి అన్నను ఆపిల్ చెట్టు కింద పాతాను. తవ్వి చూపించమంటావా?"

"వద్దు నోరిస్."

కాగితం మడతపెట్టి నా కోటు జేబులో అతనే పెట్టాడు. "నాకెందుకురా చెప్తావు? నేను దొంగను కానని నాకు తెలుసు. ఎవరి ముందు అన్నావో వాళ్ల ముందు చెప్పు," అన్నాడు. తలుపు వేశాడు. గట్టిగా వేయలేదు, మెల్లిగానే వేశాడు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఎల్లుండి కాక వచ్చే శనివారం క్లబ్బులో నెలవారీ సమావేశం. అందరూ ఉంటారు. లేచి నిలబడాలి. తాగకుండా నిలబడాలి. నిన్నటి నుంచి షెడ్డులో ఫెరెట్ల ముందు చెప్పి చూసుకుంటున్నాను. "స్నేహితులారా" దగ్గరే ఆగిపోతున్నాను.

నువ్వు మాటకారివి. నేనేం చెప్పాలో రాసి పంపు, అయిదారు వాక్యాలు చాలు. నీ దస్తూరీలో ఉంటే చూసి చదివేస్తాను, నువ్వు పక్కన ఉన్నట్టు ధైర్యంగా ఉంటుంది. నా తప్పు తగ్గించి రాయకు. అతను దొంగ కాదన్నది మొదటి వాక్యంలోనే రావాలి, మధ్యలో నాకు నోరు పడిపోయినా ఆ మాట బయటపడాలి.

నన్ను తిట్టేది ఏమైనా ఉంటే వేరే కాగితం మీద రాయి. లేకపోతే కంగారులో అది కూడా చదివేస్తాను. ఆ శనివారం లోపు అందేలా వెంటనే జవాబు వెయ్యి.

ఇట్లు,
నీ ఇంటాయన
కత్‌బర్ట్