హస్తవాసిగల డాక్టరు

చిన్నా,

నీ చెల్లెలి కొడుక్కీ నీలాగే అస్తమానం చెవిలో చీము, న్యుమోనియా. నరసరావుపేటలో నిన్ను చూసిన డాక్టరుకే చూపించాం. హస్తవాసి మంచిదని ఇప్పటికీ జనం ఎగబడుతున్నారు. జ్వరం తగ్గితే ఆయన గొప్ప, తిరగబెడితే మనం పిల్లాణ్ణి చలిగాలిలో తిప్పిన తప్పు.

చివరికి గుంటూరు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మందు రాయకముందే మీ చెల్లిని అడిగింది: "మీ పుట్టింట్లో మగపిల్లలెవరైనా చిన్నప్పుడే పోయారా?"

అది నా వంక చూసింది. నేను నీ పేరు చెప్పాను.

రక్తపరీక్ష చేస్తే, వాడికి పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేదని తేలింది. తల్లివైపు నుంచి మగపిల్లలకి వచ్చే జబ్బట. ఇక నెలనెలా యాంటీబాడీలు ఎక్కిస్తే బతికేస్తాడట.

ఆ రిపోర్టు తీసుకెళ్లి హస్తవాసిగారి ముందు పెట్టాను. నవ్వాడు.

"అట్టాంటి రోగాలు మనవైపు ఉండవమ్మా. నా సర్వీసులో ఒక్కణ్ణీ చూళ్ళేదు."

ఎట్లా చూస్తాడు నాన్నా? నిన్ను చూసి కూడా చూళ్ళేదుగా!

అమ్మ