మోటారు గది తాళంచెవి

తార్నాక,
బుధవారం ఉదయం.

చి.ల.సౌ. శ్యామలాంబకు,

నీ భర్త సుందరరావు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, నీ తులసి మొక్కా, పాల వేళకు గుమ్మంలో కూర్చునే ఆ పిల్లీ అందరం క్షేమం. అక్కడ కాకినాడలో నువ్వూ, అమ్మాయి వైదేహీ, ఇంకా పేరు పెట్టని మన మనవడూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. ఆవకాయ జాడీకి గుడ్డ కడుతున్నాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను, ఒక్క ఆదివారం తప్ప. ఇస్త్రీ బట్టల్లో నీ చీర ఒకటి పక్కింటికి పోయి తిరిగొచ్చింది. ఇక చివర్లో కింద గీత గీసి మరీ అడిగావు కదా, "పద్నాలుగేళ్లయింది, ఈసారైనా ఆ అపార్టుమెంటు అధ్యక్ష పదవి వదిలి బారసాలకు వస్తారా? సంపు కడిగించాలని సీమంతం ఎగ్గొట్టారు. మళ్లీ సంపు పేరు చెబితే నేనిక్కడే ఉండిపోతాను" అని. దానికీ జవాబుంది. ముందు జరిగింది చెప్పనీ. ఫోనులో అయితే మధ్యలోనే నవ్వుతావు.

పోయిన వారం మూడో అంతస్తు శైలజ వచ్చింది. యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేస్తోంది కదా, ఈసారి ఎన్నికలో నా మీద నిలబడింది కూడా ఆ పిల్లే. "అంకుల్, రేపు ఆర్ట్స్ కాలేజీల మా సార్ లెక్చర్ ఉన్నది. పాతకాలం రాజనీతి ఇప్పటి రాజకీయాలకు పనికొస్తదా అని. మీరు తప్పక రావాలె. మీ అంత అనుభవం ఎవలికున్నది" అంది. పోటీ చేసే మనిషే వచ్చి ఒప్పుకుంటోందని పొంగిపోయాను. మర్నాడు పొద్దున్నే గంజి పెట్టిన చొక్కా వేసుకుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను.

మొదటి గంట నాకోసమే పెట్టినట్టుంది. రెండు వేల ఏళ్ల పైమాటే, గ్రీకు దేశంలో ఒక గురువు చెప్పాడట. ఓడ నడపడం తెలిసినవాడి చేతిలోనే చుక్కాని ఉండాలి, రాజ్యమూ అంతే, జ్ఞానం ఉన్నవాడే ఏలాలి అని. నేను తలాడిస్తూనే ఉన్నాను. జేబులో మన మోటారు గది తాళంచెవి ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాను కూడా.

మధ్యలో టీ, సమోసా ఇచ్చారు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది, రెండో సమోసా కోసం ఆగాను. టీ తర్వాత ఆ గురువుగారి శిష్యుడి వంతు. ఈయన గురువునే కాదన్నాడట. వంట సంగతి వండినవాడి కన్నా తిన్నవాడే బాగా చెబుతాడు, కొన్నాళ్లు ఏలి, కొన్నాళ్లు ఇంకొకరి ఏలుబడిలో ఉన్నవాడే పౌరుడు అని. ఆ ప్రొఫెసరు అంతటితో ఊరుకోక మా వైపు తిరిగి, "మీరు ఎవలికైతే పని చెప్తరో, వాళ్ల మాట మీరు ఆఖరుసారి ఎప్పుడు విన్నరు?" అని అడిగాడు. టీకి ముందు నేను జ్ఞానిని, టీ తర్వాత నియంతని.

అప్పుడు గుర్తొచ్చింది, చొక్కా హడావిడిలో పొద్దున మోటారు వెయ్యనేలేదు. ఇరవై ఒక్క ఇళ్లకు నీళ్లు లేవు, తాళంచెవేమో నా దగ్గర. ఆటో ఎక్కి ఆదరాబాదరా వచ్చి చూస్తే ట్యాంకు నిండుగా ఉంది. వాచ్‌మన్ గట్టయ్య తాపీగా మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు.

"మోటారు ఎలా వేశావయ్యా?" అన్నాను.

"నా తాన ఇంకో తాళంచెవి ఉన్నది సార్. ఆరేండ్లాయె. మీరు లేవకముందే ఏసి బంద్ చేస్త. మళ్ల మీరొచ్చి ఏస్తరు."

"ఎవరిచ్చారు నీకు?"

కాస్త నసిగాడు. "అమ్మనే సార్. ఇంకోటి చేయించుకో, సార్‌కు చెప్పకు అన్నది. ఇండ్లన్నిట్ల అందరికి ఎరికే."

అంటే ఆరేళ్లుగా నిండిన ట్యాంకుకే నేను నీళ్లు పట్టానన్నమాట. కోపం రావాలి కదా, మెట్ల మీద కూర్చుంటే నవ్వొచ్చింది. నేను లేకపోతే నీళ్లు రావని చెప్పి ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని పేరంటాలకు నిన్ను ఒక్కదాన్నే పంపానో తలుచుకున్నాక ఆ నవ్వు ఆగిపోయింది. తప్పు నాదే శ్యామలా.

ఆదివారం సెల్లార్లో ఎన్నిక జరిగింది. ఏటా చేతులెత్తించి ఏకగ్రీవం చేసుకునేవాణ్ణి కదా, ఈసారి చీటీలు వేద్దామన్నాను. మన జంతికల డబ్బాలో ఇంటికొకటి చొప్పున ఇరవై ఒక్క చీటీలు పడ్డాయి. గట్టయ్య ఒక్కొక్కటే తీసి చదివాడు. శైలజకు పదకొండు, నాకు పది. రెండో అంతస్తు వెంకటనర్సయ్య గారు నా భుజం పట్టుకుని, "ఒక్క ఓటుతోని పాయె సార్. ఆ ఒక్కడెవడో దొరికితే అడుగుత" అన్నారు. నేను మొహం వేలాడేసుకుని నిలబడ్డాను.

ఇప్పుడు చెప్పేది నీ కడుపులో దాచుకో. ఆ ఒక్కడినీ నేనే. ముందు "సు" అని రాసి, కొట్టేసి, పక్కన శైలజ పేరు రాశాను. మడిచి డబ్బాలో వేశాక ప్రాణం హాయిగా ఉన్నమాట నిజం. ఆ చీటీ విప్పినప్పుడు గట్టయ్య కొట్టివేతను చూశాడు, నన్ను చూశాడు, పేరు చదివి పక్కన పెట్టాడు. ఆరేళ్లు తాళంచెవిని దాచినవాడు ఇది దాచలేడా.

నిన్న నోటీసు బోర్డు మీద కొత్త అధ్యక్షురాలి మొదటి ఆజ్ఞ పడింది. ఇకనుంచి మోటారు ఇంటికో రోజు, వంతులవారీగా. మన వంతు ఇరవై మూడో తేదీన. బారసాల కూడా ఇరవై మూడే. తాళంచెవీ, సెలవు చీటీ రెండూ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను. నాలుగు రోజులు అడిగాను. ఆ పిల్ల చదివి, నాలుగు కొట్టేసి పద్నాలుగు అని రాసి, సంతకం పెట్టింది.

"ఏడాదికొక్క రోజు అంకుల్" అంది.

ఇరవై రెండున రైలెక్కుతున్నాను. పసివాడికి నువ్వూ అమ్మాయీ ఏ పేరు అనుకుంటే అదే, నేను బియ్యంలో రాస్తానంతే.

ఇట్లు,
నీ భర్త,
సుందరరావు
(మాజీ)