నడుము కొలత

పిన్నీ,

పుస్తకాలు చదివి పొగరెక్కిందని మన ఇంట్లో నన్ను అనడం కొత్త కాదు. కానీ టేపు పెట్టి కొలిచి మరీ నన్ను తప్పుగా అర్థం చేసుకున్నది నువ్వొక్కదానివే.

కుర్తా బిగుతైందని నీ కుట్టు షాపుకి వచ్చాను. టీచరమ్మ, బ్యాంకులో పనిచేసే ఆవిడ చూస్తుండగానే "ఎన్నో నెలే?" అన్నావు. "కడుపునొప్పి పిన్నీ, అంతే" అన్నాను. "నువ్వు దాచినా నా టేపు దాచదమ్మా" అని నవ్వావు. నేను ఇల్లు చేరేలోపే అమ్మకి నీ ఫోన్ వచ్చేసింది. పరువు పోతుందని అమ్మ నన్ను రెండు నెలలు గడప దాటనివ్వలేదు. గర్భం లేదని టెస్టు చేసి చూపించినా నమ్మలేదు. చివరికి నొప్పితో పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లింది.

మొదటి స్కాన్ చూసి అండాశయంలో కణితి అన్నారు. ఎంఆర్ఐలో అసలు సంగతి తేలింది. గర్భసంచిని పక్కనుంచి పట్టి ఉంచే పొర మడతల్లో ఫైబ్రాయిడ్ అనే గడ్డ పెరిగింది. అక్కడ రావడం అరుదట. రెండు నెలల ఆలస్యంలో అది మూత్రనాళాన్ని నొక్కేయడంతో నా ఎడమ కిడ్నీ ఉబ్బింది. నాళం తెగకుండా సర్జన్ గడ్డ ఒక్కటే తీసి, గర్భసంచిని కాపాడింది.

అమ్మ నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. నువ్వేమో "మన మంచికే కదా అన్నాను" అని కబురు పంపావు.

కుట్లు మానాయి. శనివారం సాయంత్రం, షాపు నిండా జనం ఉన్నప్పుడు అదే కుర్తాతో వస్తాను. అందరి ముందు నా నడుము కొలువు. ఎందుకు తగ్గిందో గట్టిగా చెప్పు. నువ్వు చెప్పకపోతే స్కాన్ ఫిల్ము నీ అద్దానికి అంటించి నేనే చెబుతాను.

టీచరమ్మనీ, బ్యాంకావిడనీ పిలిచాను. ఇద్దరూ వస్తున్నారు.