విద్యార్థుల మధ్య సేవ

అక్టోబర్ 14, మంగళవారం

ప్రేమానందం పోయాడు. గుండె. యాభై ఆరేళ్ళు. వాళ్ళక్క విమలకుమారి ఫోన్ చేసింది. ఇరవై అయిదున ఇర్వింగ్ చర్చ్‌లో జ్ఞాపకార్థ కూడికట. జీవిత చరిత్ర నువ్వే రాసి చదవాలి తమ్ముడూ, వాడికి నీకంటే పాత ఫ్రెండ్ ఎవరున్నారు అంది.

మన సంఘాల్లో ఎవరు పోయినా ఆ కాగితం తప్పదు. పుట్టుక, బాప్తిస్మం, చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ప్రభువు పిలుపు. పెళ్ళీ పిల్లలూ లేని గే మనిషికి ఏం చదవనిస్తారో చూద్దాం.

అక్టోబర్ 16

రాశాను. నాలుగు పేజీలు.

1994. గే, లెస్బియన్ విద్యార్థుల గ్రూప్‌కి గుర్తింపు ఇవ్వం అంది అమెరికాలో మేం చదివిన యూనివర్సిటీ. గుర్తింపు లేకపోతే రూమ్ లేదు, నోటీసు అంటించడానికి గోడ కూడా లేదు. ప్రేమానందం ఒక మడత టేబుల్ కొని ప్రతి బుధవారం స్టూడెంట్ యూనియన్ బిల్డింగ్ ముందు వేశాడు. సంతకాలు అడిగేవాడు. మొహాన కోక్ పోశారు. బైబిల్ విసిరారు. తీసి, దుమ్ము దులిపి, తిరిగి ఇచ్చేవాడు. వీసా పోతుంది, మా పరువు కూడా తీస్తావా అని తెలుగువాళ్ళు రూమ్ ఖాళీ చేయించారు. స్టూడెంట్ పేపర్‌కి సొంత పేరుతో ఉత్తరం రాశాడు. మూడేళ్ళు. 1997లో గుర్తింపూ ఆఫీసూ వచ్చాయి. ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు.

అక్టోబర్ 17

తేదీలు సరిచూసుకోడానికి క్యాంపస్‌కి డ్రైవ్ చేశాను. యూనివర్సిటీల్లో ఇలాంటి ఆఫీసులు ఉండకూడదని రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చిందని చెప్పి ఆ ఆఫీసు మూసేసి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పుడక్కడ మసాజ్ కుర్చీలు. వెల్‌నెస్ లౌంజ్ అట. గ్రూప్ కాగితాలు చూపించమంటే రివ్యూలో ఉన్నాయి, సారీ అంది లైబ్రరీ అమ్మాయి. ఎవరి రివ్యూ అంటే తనకీ తెలీదట. కాగితాలు తగలబెట్టేవాళ్ళే నయం, పొగైనా కనిపిస్తుంది.

అక్టోబర్ 20

విమలక్క నా నాలుగు పేజీల్ని పదకొండు లైన్లు చేసింది. పాస్టర్ షాలేం రాజు గారు కూడా చూశారట. మూడేళ్ళ పోరాటానికి ఒకటే ముక్క మిగిలింది: విద్యార్థుల మధ్య సేవ చేశాడు. వాడేమన్నా సండే స్కూల్ నడిపాడా అన్నాను. గంటసేపు వాదించాను. చర్చ్‌నీ, చట్టాన్నీ, పెద్దమనుషుల నంగనాచి వేషాల్నీ కలిపి ఉతికాను. అక్క ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. అయిపోయిందా, టీ పెట్టనా అంది.

తర్వాత తలెత్తకుండానే అడిగింది. ఆ టేబుల్ వెనక రెండు కుర్చీలుండేవి కదా, రెండో దాంట్లో ఏడాదిపాటు ఎవరు కూర్చున్నారో నీ నాలుగు పేజీల్లో లేదేం తమ్ముడూ అంది. పేపర్‌లో ఆ టేబుల్ ఫోటో పడ్డ వారమే ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో మా వాడు నాకు చెప్పాడులే అంది. నువ్వు కొట్టేసుకున్నది నేనడగను, నేను కొట్టేసింది నువ్వడక్కు అంది.

జాబ్ ఆఫర్, హెచ్-1బి, పెళ్ళి సంబంధం. అన్నీ ఆ నెలలోనే వచ్చాయి. వాడికి చెప్పకుండా ఆ కుర్చీలో కూర్చోవడం మానేశాను.

అక్టోబర్ 21

నేనూ గే. ముప్పై ఏళ్ళలో ఈ మాట రాయడం ఇదే మొదలు, అదీ ఎవరూ చదవని చోట.

అక్టోబర్ 24

నాలుగు పేజీలే చదువుతాను. నా పేరు చేర్చి ప్రింట్ తీశాను.

అక్టోబర్ 25, శనివారం

పదకొండు లైన్లు చదివాను.

మొదటి వరుసలో మా ఆవిడ. వెనక ఆఫీస్ వాళ్ళు సగం మంది. గొంతు ఎక్కడా తొణకలేదు. మీ తెలుగు ఎంత స్వచ్ఛంగా ఉందండీ అన్నారు, తర్వాత, భోజనాల దగ్గర.

పోయినవాళ్ళ గురించి ఎవరైనా లేచి మాట్లాడే సాక్ష్యాల టైమ్‌లో అబిగేల్ లేచింది. విమలక్క కూతురు, అదే యూనివర్సిటీలో మూడో ఏడు. దాని అమెరికా తెలుగులో, మామయ్య గే, మామయ్య మా కోసం టేబుల్ పెట్టాడు, ఇప్పుడు మాకు రూమ్ లేదు, సో గేట్ బయట మేము పెడతాం, ఎవ్రీ వెడ్నస్‌డే అంది. షాలేం రాజు గారు కీబోర్డ్ వాయించే అబ్బాయి వైపు సైగ చేశారు. పాట మొదలైంది. పాట మీదుగా అరిచి, చెప్పాల్సింది చెప్పే కూర్చుంది. విమలక్క దాని చేయి పట్టుకుంది, వదల్లేదు.

నేను పాటల పుస్తకం తెరిచాను.

అక్టోబర్ 29, బుధవారం, మధ్యాహ్నం 12:40

గేట్ ఎదురుగా, రోడ్డుకి ఇవతల కార్ ఆపాను. నలభై నిమిషాలు. ఎవడో వచ్చి అబిగేల్ మీద అరవడం మొదలుపెట్టాడు. మాటలన్నీ వినిపించాయి. ముప్పై ఏళ్ళలో ఒక్క తిట్టూ మారలేదు.

అద్దం ఎత్తేశాను.